మేకవన్నె మంచు: మథియాస్ జ్దార్స్కీ జీవితం

ఈసారి మన గోడపత్రికకి గతించిన ప్రసిద్ధుల జీవితాలు రాయాలని మేడమ్ చెప్పగానే క్లాసులో అందరూ చకచకా పేర్లు పంచేసుకున్నారు. ఒకరు కందుకూరి, ఒకరు దుర్గాబాయి దేశ్‌ముఖ్, ముందు బెంచీ వాళ్లు మన బళ్లారి రాఘవ. నా వంతు వచ్చేసరికి నేను మథియాస్ జ్దార్స్కీ అన్నాను. ఆ పేరు పలకడం నేర్చుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది కాబట్టి అందరూ నవ్వినా నాకేం కోపం రాలేదు. ఏప్రిల్ వస్తే కుళాయి నీళ్లే కాగిపోయే ఊళ్లో పుట్టిన పిల్ల, మంచు మీద జారే మనిషి గురించి ఎందుకు రాస్తోందని మీరు అడగొచ్చు. ముందు అదే చెప్తాను.

2016 ఫిబ్రవరిలో నేను నాలుగో తరగతి. మా ఇంట్లో అమ్మ కన్నడం, నాన్న తెలుగు. రాత్రి టీవీలో కన్నడ వార్తలు, పొద్దున తెలుగు పేపరు. ఆ నెల 3వ తేదీన సియాచిన్‌లో, 19,000 అడుగులకు పైన ఉన్న ఒక సైనిక శిబిరం మీద మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంటుకు చెందిన 10 మంది కూరుకుపోయారు. ఆరు రోజుల తర్వాత తవ్వుతుంటే ఒకరు ప్రాణంతో దొరికారు. ఆయన మన ధారవాడ జిల్లా బెటదూరు మనిషి, లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్. మా స్కూల్లో ప్రేయర్ అయ్యాక అందరం కళ్లు మూసుకుని ఆయన కోసం దేవుణ్ణి వేడుకున్నాం. 11వ తేదీన ఢిల్లీ ఆస్పత్రిలో ఆయన పోయారు. ఆ పదిమందిలో ఒకరిది కర్నూలు జిల్లా. అంటే మా ఇంటి లెక్కలో అమ్మ వైపు వాళ్లూ ఉన్నారు, నాన్న వైపు వాళ్లూ ఉన్నారు. ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

అప్పుడే నాకొక సందేహం వచ్చింది. మంచు అంటే మెత్తగా, దూదిలాగా ఉంటుంది కదా, అది మనిషిని ఎట్లా చంపుతుంది? నాన్నని అడిగితే చల్లదనం వల్ల అన్నారు. అమ్మని అడిగితే బరువు వల్ల అంది. పేపర్లో హిమపాతం అని రాశారు, టీవీలో కూడా హిమపాత అనే అన్నారు. కానీ మెల్లగా మంచు కురవడాన్నీ హిమపాతమే అంటాం, కొండ మీది మంచంతా ఒక్కసారి విరిగి కిందికి రావడాన్నీ హిమపాతమే అంటాం. రెండూ ఒకటి కాదు. మన భాషల్లో ఆ రెండో దానికి వేరే మాట స్థిరపడలేదంటే, దాని అవసరం మనకి అంతగా రాలేదన్న మాట. ఈ వ్యాసంలో దాన్ని మంచు చరియ అని రాస్తాను.

ఆ సందేహం వెనకాలే పోతూ పోతూ, పదేళ్ల తర్వాత నేను ఈ జ్దార్స్కీ గారి దగ్గర ఆగాను.

ఒంటికన్ను మాస్టారు

జ్దార్స్కీ 1856 ఫిబ్రవరి 25న మొరావియాలో, ట్రెబీచ్ అనే ఊరి దగ్గర కోజిఖోవిట్సె అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడది చెక్ దేశంలో ఉంది, అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. అంటే ఆయన కూడా మనలాగే రెండు భాషల మధ్య ఉన్న నేల మీద పుట్టినవారే. చిన్నతనంలో జరిగిన ఒక ప్రమాదంలో ఒక కన్ను పోయింది. మిగిలిన ఒక్క కంటితోనే చదువుకున్నారు, బడిపంతులు అయ్యారు, బొమ్మలు వేశారు, శిల్పాలు చెక్కారు. వ్యాయామం అంటే ప్రాణం. ఏదైనా సరే చేతితో చేసి చూస్తే తప్ప నమ్మని స్వభావం.

1889లో ముప్పై మూడేళ్ల వయసులో ఉద్యోగం, ఊళ్లు అన్నీ వదిలేసి, ఆస్ట్రియాలో లిలియన్‌ఫెల్డ్ అనే చిన్న పట్నం దగ్గర హాబెర్న్‌రైట్ అనే కొండ పొలం తీసుకుని అక్కడ ఒక్కరే స్థిరపడిపోయారు. బొమ్మలు వేసుకుంటూ, చదువుకుంటూ ప్రశాంతంగా బతకాలని ఆయన కోరిక. అది వేసవిలో బాగానే ఉంది. శీతాకాలం వచ్చేసరికి నడుము లోతు మంచు. పొలం నుంచి ఊళ్లోకి రావడమే ఒక యుద్ధం.

సరిగ్గా ఆ రోజుల్లోనే నార్వే దేశపు సాహసి నాన్సెన్ పుస్తకం ఆయన చేతికి వచ్చింది. నాన్సెన్ 1888లో గ్రీన్‌ల్యాండ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి స్కీల మీద దాటారు. స్కీలంటే కాళ్లకి కట్టుకుని మంచు మీద జారే పొడవాటి చెక్కలు. జ్దార్స్కీ ఆ పుస్తకం చదివి నార్వే నుంచి ఒక జత తెప్పించుకున్నారు. దాదాపు మూడు మీటర్ల పొడవు. నేర్పేవాళ్లు ఎవరూ లేరు. వాటిని కాళ్లకి కట్టుకుని కొండ మీదికి ఎక్కారు, పడ్డారు. మళ్లీ ఎక్కారు, మళ్లీ పడ్డారు.

రెండు వందల ప్రయత్నాలు

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నార్వేలో కొండలు చాలా చోట్ల మెట్ట పొలాల్లాగా మెల్లగా ఏటవాలుగా ఉంటాయి. ఆల్ప్స్ అట్లా కాదు, నిట్రంగా ఉంటాయి. నార్వే స్కీలకి కాలి వేళ్ల దగ్గర మాత్రమే కట్టు ఉండేది. మడమ ఇటూ అటూ ఊగుతుంది. నేరుగా పోవడానికి అది చాలు. నిట్రంగా ఉన్న చోట మలుపు తిరగాలంటే, ఆగాలంటే ఆ కట్టు పనికిరాదు.

మనలో చాలామంది అయితే స్కీలు మన ఊరికి పనికిరావు అని అటక మీద పడేస్తాం. జ్దార్స్కీ మాత్రం అటు తిరిగి ఆలోచించారు. మన కొండకి తగ్గట్టు చెక్కనే మారుద్దాం అనుకున్నారు. చెక్కని పొట్టి చేశారు. అడుగున ఉన్న గాడి తీసేశారు. పాదం కిందికి ఉక్కు పలక, దానికి స్ప్రింగు పెట్టి, మడమ పైకి లేవాలి కానీ పక్కకి ఊగకూడదు అన్నట్టుగా కొత్త కట్టు తయారుచేశారు. ఇది కుదిరే దాకా రెండు వందల రకాలు చేసి చూశారని చెబుతారు. చేతిలో రెండు కర్రలు కాదు, ఒక్కటే పొడవాటి కర్ర. ఒక చెక్కని కొంచెం వాలుగా తోసి, వేగం తగ్గించుకుంటూ, మలుపులు మలుపులుగా కొండ దిగే పద్ధతి కనిపెట్టారు.

ఏళ్ల తరబడి కష్టపడిన తర్వాత 1896లో ఆ పద్ధతి మీద పుస్తకం రాశారు. పేరులోనే ఊరి పేరు పెట్టారు: లిలియన్‌ఫెల్డ్ స్కీ పద్ధతి అని. నిట్రమైన కొండల కోసం స్కీయింగ్‌ని ఒక పద్ధతి ప్రకారం నేర్పిన మొదటి పుస్తకాల్లో అది ఒకటి. అందుకే ఆల్ప్స్ స్కీయింగ్‌కి ఆయన్ని పితామహుడు అంటారు.

కానీ నాకు నచ్చింది పితామహుడు అన్న బిరుదు కాదు. పుస్తకం రాసి ఊరుకోకుండా ఆయన తానే నేర్పారు, డబ్బు తీసుకోకుండా. వియన్నా నుంచి ఆదివారం ఆదివారం రైల్లో జనం దిగేవాళ్లు. కూలీలు, గుమాస్తాలు, ఆఫీసర్లు, ఆడవాళ్లు, ఎవరు వచ్చినా వరసలో నిలబెట్టి నేర్పేవారు. మాస్టారు కదా, క్రమశిక్షణ ఎక్కువ. అందరూ కలిసి బయల్దేరాలి, అందరూ కలిసి రావాలి. ఎవరినీ వెనక వదిలేయకూడదు.

1905 మార్చి 19న లిలియన్‌ఫెల్డ్ దగ్గర ముక్కెన్‌కోగెల్ అనే కొండ మీద ఆయన ఒక పోటీ పెట్టారు. కొండ పై నుంచి కింది దాకా 85 చోట్ల జెండాలు పాతి, వాటి మధ్య నుంచి మలుపులు తిరుగుతూ దిగాలి. ఎంత వేగంగా పోతావన్నదానికంటే ఎంత అదుపుతో పోతావన్నది పరీక్ష. చరిత్రలో మొదటి స్లాలమ్ అదేనని చెబుతారు. 24 మంది పాల్గొన్నారు. అందులో ఒక అమ్మాయి ఉంది, మిజ్జి అంగెరర్. ఆ కాలంలో, ఆ బట్టల్లో, 23 మంది మగవాళ్ల మధ్య. మన కాలేజీ గోడ మీద ఆమె పేరు ఒక్కసారైనా ఉండాలని ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

అన్నీ మంచి గుణాలే అని రాస్తే మేడమ్ ఒప్పుకోరు. జ్దార్స్కీకి మొండితనం చాలా ఎక్కువ. తన పద్ధతే సరైనది, మిగతావన్నీ తప్పు అనేవారు. నార్వే పద్ధతి వాళ్లతో పత్రికల్లో ఏళ్ల తరబడి గొడవపడ్డారు. రెండు కర్రలు వాడమన్న బిల్గెరి అనే సైనికాధికారితో మాటామాటా పెరిగి, ఆయన ద్వంద్వ యుద్ధానికి రమ్మనే దాకా వచ్చింది. ఈ రోజు స్కీయింగ్ చేసేవాళ్లంతా రెండు కర్రలే వాడుతున్నారు. అంటే ఆ గొడవలో గెలిచింది బిల్గెరియే.

1916 ఫిబ్రవరి 28

ఆ రోజుల్లో కొండ మీదికి తీసుకుపోయే రోప్‌వేలు స్కీయింగ్ కోసం లేవు. ఎవరైనా సరే సొంత కాళ్లతో ఎక్కి, ఎవరూ కాపలా కాయని వాలు మీద నుంచి దిగాల్సిందే. ఇప్పుడు దీన్ని బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అని వేరే పేరు పెట్టి పిలుస్తున్నారు. టికెట్టు కొనే రిసార్టుల్లో పొద్దున్నే సిబ్బంది వెళ్లి మంచుని పరీక్షిస్తారు, ప్రమాదంగా ఉన్న చోట పేలుడు పెట్టి ముందే జారగొడతారు, దారులు మూసేస్తారు. ఆ హద్దు దాటి బయటికి పోతే అట్లాంటి మనిషి ఎవరూ ఉండరు. నీ జాగ్రత్త నీదే. జ్దార్స్కీ కాలంలో ప్రతి స్కీయరూ బ్యాక్‌కంట్రీ స్కీయరే. అందుకే ఆయనకి మలుపులు ఎంత ముఖ్యమో, మంచుని చదవడం కూడా అంతే ముఖ్యం.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915 మేలో ఇటలీ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. సరిహద్దు మొత్తం కొండలే. రెండు వైపులా వేల వేల మంది సైనికులు చలికాలమంతా ఆ కొండల మీదే గుడిసెలు వేసుకుని ఉండాల్సి వచ్చింది. వాళ్లలో ఎంతోమంది మైదానాల నుంచి వచ్చినవాళ్లు, మంచు చరియ అంటే ఏంటో తెలియనివాళ్లు. జ్దార్స్కీకి అప్పటికి దాదాపు అరవై. ఇంట్లో కూర్చోవచ్చు. అయినా సైన్యానికి కొండల విషయంలో సలహాదారుగా, శిక్షకుడిగా వెళ్లారు.

1916 ఫిబ్రవరి 28. అంటే ఆయనకి అరవై ఏళ్లు నిండి సరిగ్గా మూడు రోజులు. కరింథియాలోని గైల్ లోయ ప్రాంతంలో మంచు చరియ కింద కొందరు సైనికులు చిక్కుకున్నారు. వాళ్లని తీయడానికి వెళ్లిన బృందంలో జ్దార్స్కీ ఉన్నారు. సహాయానికి వెళ్లిన చోటే ఇంకో చరియ వచ్చి ఆయన్ని లాక్కుపోయింది.

తోటివాళ్లు తవ్వి తీశారు. ప్రాణం ఉంది. కానీ ఒంట్లో విరిగినవి, కీళ్లు తప్పినవి అన్నీ కలిపి దాదాపు ఎనభై చోట్ల. వెన్ను కూడా దెబ్బతింది. చదువుతూ చదువుతూ నేను ఇక్కడ ఆగిపోయాను. మంచు గురించి ఆ దేశంలో ఎక్కువ తెలిసినవాళ్లలో ఆయన ఒకరు. ఇరవై ఏళ్లుగా ఇతరులకి జాగ్రత్తలు చెప్పిన మనిషి. ఆయన్నే పట్టుకుంది.

ఇది ఆయన తప్పా? నేనూ మా అమ్మా దీని మీద వాదించుకున్నాం. తెలిసీ వెళ్లడం మొండితనమే అని అమ్మ అభిప్రాయం. కింద మనుషులు ఉన్నప్పుడు వెళ్లకుండా ఎట్లా ఉంటారని నేను. ఇప్పుడు సహాయక బృందాలకి నేర్పే పాఠాల్లో మొదటిది ఏంటో తెలిశాక మాత్రం నేను కొంచెం తగ్గాను. ముందు పైకి చూడు, ఇంకో చరియ వచ్చేలా ఉందేమో తేల్చుకో, ఆ తర్వాతే దిగు అన్నది ఆ పాఠం. కాపాడబోయినవాడు కూడా కూరుకుపోతే, కాపాడాల్సినవాళ్లు ఇంకొకరు పెరుగుతారు. దయ ఉంటే చాలదు, ఒక్క నిమిషం ఆగడం కూడా కావాలి. యుద్ధంలో ఆ నిమిషం ఆయనకి దొరికిందో లేదో.

ఆ సంవత్సరమే డిసెంబరు 13న, మర్మొలాడా అనే పర్వతం మీద ఆస్ట్రియా సైనికుల శిబిరంపై మంచు చరియ పడి 250 మందికి పైగా చనిపోయారు. ఆ యుద్ధంలో ఆ కొండల మీద తుపాకి గుండ్లకి కాక మంచుకి బలైనవాళ్లు వేల మంది.

మంచు ఎందుకు జారుతుంది

జ్దార్స్కీ మంచుని పోల్చింది దాదాపు మన మేకవన్నె పులితోనే. ఆయన మాటల్లో మేక బదులు గొర్రెపిల్ల, అంతే తేడా. జర్మన్ మాట్లాడే మనిషికీ మనకీ ఒకే పోలిక తట్టడం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. తెల్లగా, మెత్తగా, అమాయకంగా కనిపించేదే ప్రాణం తీస్తుంది అని ఆయన చెప్పదలచుకున్నది.

ఎందుకు తీస్తుంది అన్నదాన్ని మనం వంటింట్లో చూడొచ్చు. నేను హాస్టల్ ఫ్రెండ్ని ఇంటికి పిలిచి చేసి చూపించాను. ఒక పళ్లెంలో ఉప్పు గుడ్డ పరిచి, దాని మీద పంచదార పలుచగా చల్లి, ఆ పైన ఒక ఎండు చపాతీ పెట్టండి. పళ్లెం మెల్లగా వంచండి. కొంతసేపు ఏమీ కాదు. ఒక కోణం దాటగానే చపాతీ మొత్తం ఒక్కసారి జారిపోతుంది. ముక్క ముక్కగా కాదు, మొత్తంగా.

కొండ మీద మంచు కూడా ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కోసారి కురిసిన మంచు ఒక్కో పొర. కొన్ని రోజుల చలికి లోపలి పొరలో గింజలు పంచదారలాగా, ఒకదాన్నొకటి పట్టుకోకుండా మారిపోతాయి. దాని మీద కొత్త మంచు పడి, గాలి దాన్ని కొట్టి గట్టి పలకలా చేస్తుంది. పైన గట్టి పలక, కింద పట్టులేని గింజలు. ఆ పలక మీద ఒక్క మనిషి బరువు పడితే చాలు, కింద పొర కూలుతుంది. ఆ కూలడం కాలి కింద ఆగదు, చుట్టూ పరుగెత్తుతుంది. పైన పగులు వచ్చి, పలక మొత్తం మనిషితో సహా జారుతుంది. ఎక్కువగా ఇట్లా జరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. కాంపాస్ బాక్సులో కోణమానిని తీసి 38 డిగ్రీలు గీసి చూడండి. స్కీయింగ్‌కి బాగుండే వాలు కూడా సరిగ్గా అదే. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి తెలిసి నాకు నిద్ర పట్టలేదు. సరదాకి స్కీయింగ్‌కి వెళ్లి మంచు చరియల్లో చనిపోయినవాళ్లలో చాలా ఎక్కువ మంది విషయంలో, ఆ చరియని కదిలించింది వాళ్లే, లేదా వాళ్లతో వచ్చినవాళ్లే. అది దానంతటది వచ్చి మీద పడలేదు. అంటే మనిషి నేర్చుకుంటే తప్పించుకోగలిగిన చావు అది.

రెండో జీవితం

1916 తర్వాత జ్దార్స్కీ జీవితం అయిపోయిందనే అందరూ అనుకుని ఉంటారు. అరవై ఏళ్ల వయసు, ఎనభై చోట్ల దెబ్బలు, ఒక కన్ను. ఆయన మాత్రం తన ఒంటిని కూడా ఆ పాత నార్వే స్కీలాగే చూశారనిపిస్తుంది. పని చేయకపోతే పనిచేసేలా మార్చుకోవాలి. తనకోసం తానే వ్యాయామాలు కనిపెట్టారు, సాధనాలు తయారుచేసుకున్నారు. ఏళ్లు పట్టింది. నొప్పి ఎప్పటికీ పోలేదు. కానీ లేచి నడిచారు. మళ్లీ స్కీలు కట్టుకున్నారు.

1929లో, 73 ఏళ్ల వయసులో మంచు చరియల మీద పుస్తకం వేశారు. అది తన గొప్ప చెప్పుకునే పుస్తకం కాదు, మంచుని ఎట్లా చూడాలో, ఎందుకు నమ్మకూడదో చెప్పే పుస్తకం. ఎవరికైనా అంత దెబ్బ తగిలితే కొండ మీద కోపం రావాలి, లేకపోతే భయం రావాలి. ఆయనకి పాఠం చెప్పాలనిపించింది. మాస్టారు మాస్టారే.

ఆయన ఇచ్చిన ఇంకో వస్తువు ఉంది. పల్చటి గుడ్డతో కుట్టిన పెద్ద సంచి. కొండ మీద తుఫాను వస్తే ఇద్దరు ముగ్గురు కలిసి దాన్ని నెత్తి మీద నుంచి కప్పుకుని కూర్చోవచ్చు. గాలి తగలదు, ఒకరి వెచ్చదనం ఒకరికి. ఈ రోజుకీ ఆల్ప్స్‌లో దాన్ని జ్దార్స్కీ సంచి అనే పిలుస్తారు. ఆయన పద్ధతి పాతబడింది, ఒంటి కర్ర పోయింది, సంచి మాత్రం మిగిలింది.

1940 జూన్ 20న సాంక్ట్ పోల్టెన్‌లో 84 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. అప్పటికి ఇంకో ప్రపంచ యుద్ధం మొదలైపోయింది. లిలియన్‌ఫెల్డ్‌లో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది.

ఆయన తర్వాత ఏమైంది

ఆయన లాంటివాళ్లు మొదలుపెట్టిన పని తర్వాత శాస్త్రం అయింది. 1930లలో స్విట్జర్లాండ్‌లో దావోస్ పైన కొండ మీద పరిశోధకులు మంచుని నిలువునా కోసి, పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మన దేశంలో కూడా మనాలీలో మంచు చరియల మీద పరిశోధన సంస్థ వచ్చింది. 1993 నుంచి యూరప్ అంతా ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో ఒకే విధంగా చెబుతోంది. విచిత్రం ఏంటంటే చావులు ఎక్కువగా 5 ఉన్న రోజున జరగవు, ఆ రోజు ఎవరూ బయటికి పోరు. 3 ఉన్న రోజున చాలామంది పోతారు. మధ్యలో ఉంది కదా, ఏం కాదులే అనుకుంటారు. పరీక్షల ముందు మనం అనుకునే ఏం కాదులే లాంటిదే ఇదీ.

ఇప్పుడు బ్యాక్‌కంట్రీకి వెళ్లేవాళ్లకి నేర్పే పాఠాలు ఇవి. బయల్దేరే ముందు ఆ రోజు హెచ్చరిక చదవాలి. కొత్తగా ఎక్కువ మంచు పడిందా, గాలి వీచిందా, ఉన్నట్టుండి ఎండ పెరిగిందా చూడాలి. అడుగు వేసినప్పుడు మంచు లోపల నుంచి ధబ్బుమని మూలిగినట్టు చప్పుడు వచ్చినా, కాలి ముందు పగుళ్లు పరుగెత్తినా వెనక్కి తిరగాలి. ప్రమాదమైన వాలు మీద ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు సురక్షితమైన చోట నిలబడి చూస్తుండాలి. ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి: మంచు కింద ఉన్నా సంకేతం పంపే ట్రాన్స్‌సీవర్, పొడిచి వెతికే పొడవాటి కడ్డీ, తవ్వే పార. ఒకరి దగ్గర ఉంటే చాలదు, అందరి దగ్గరా ఉండాలి.

ఎందుకంటే టైము లేదు. కూరుకుపోయినవాళ్లని సుమారు 15 నిమిషాల్లోపు తీస్తే, జారేటప్పుడు పెద్ద దెబ్బలు తగలనివాళ్లలో చాలామంది బతుకుతారు. అరగంట దాటితే ఎక్కువ మంది బతకరు. మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది, వేలు కూడా కదలదు. ఊపిరి ఆడదు. మా నాన్న చల్లదనం అన్నారు, అమ్మ బరువు అంది. ఎక్కువగా చంపేది ఊపిరాడకపోవడం. పదేళ్ల తర్వాత నా ప్రశ్నకి జవాబు దొరికింది. హెలికాప్టరు వచ్చేలోపు ఆ 15 నిమిషాలు అయిపోతాయి కాబట్టి, నిన్ను కాపాడగలిగింది నీ పక్కన ఉన్న స్నేహితులు మాత్రమే. అందుకే ఈ చదువు ఒక్కరికి ఉంటే సరిపోదు, కలిసి వెళ్లే అందరికీ ఉండాలి. జ్దార్స్కీ వరసలో నిలబెట్టి అందరినీ కలిపి నడిపించింది ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది.

మనకెందుకు

సియాచిన్‌లో ఉన్నవాళ్లకి వెనక్కి తిరిగే వీలు లేదు. వాళ్లు సరదాకి వెళ్లలేదు. అక్కడ ఉండమంటే ఉన్నారు. అందుకే ఇష్టపడి వెళ్లేవాళ్లకి బాధ్యత ఇంకా ఎక్కువ అని నాకు అనిపిస్తుంది. వెనక్కి తిరిగే హక్కు వాళ్లకి ఉంది, దాన్ని వాడుకోవడం రావాలి. ఈ మధ్య మన వైపు నుంచి కూడా సెలవులకి మనాలీ, గుల్మార్గ్ వెళ్తున్నారు. మంచు చూడగానే మన వాళ్లు ఫోటోల కోసం హద్దు తాడు దాటి పోతారు. ఆ తాడు ఎవరో ఊరికే కట్టలేదు. ఎక్కడో ఎవరో కూరుకుపోతే, ఎవరో ఎనభై చోట్ల విరిగి లేస్తే, ఆ తెలివి తాడు అయి అక్కడ నిలబడింది.

మన ఊళ్లో మంచు పడదు. ఈ వ్యాసం చదివినవాళ్లలో స్కీలు కట్టుకునేవాళ్లు ఎవరూ లేకపోవచ్చు కూడా. కానీ మెత్తగా కనిపించేదాన్ని నమ్మేముందు లోపలి పొర చూడాలని, నాకు తెలుసులే అనుకున్న రోజే జాగ్రత్తగా ఉండాలని, పడ్డాక లేచి మిగతావాళ్లకి ఎక్కడ పడ్డామో చెప్పాలని ఆయన జీవితం చెబుతోంది. ఇది మంచుకి మాత్రమే వర్తిస్తుందని నేను అనుకోవడం లేదు.

రాసింది చదివి అమ్మకి కన్నడంలో చెప్పాను. అంతా విని, ఆ సంచి బాగుంది అంది. ముగ్గురు పట్టేది కదా అని అడిగింది. అవునన్నాను. మేం ఇంట్లో ముగ్గురమే.

ద్వితీయ సంవత్సరం, బి.ఏ.